వెనక వరస

పోయినేడాది అప్రైజల్స్ అప్పుడు మా టీములో ఒకమ్మాయి గురించి నేనొక వాక్యం రాశాను. పేరు కోసం పాకులాడకుండా, వెనక నిలబడి అందరి పనినీ మోసే మనిషి అని. రాసింది ఇంగ్లీషులోనే లెండి. రాస్తున్నప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఆఫీసు ఫారాల్లో ఇలాంటి వాక్యాలు ఎవరు రాస్తారు అని. మూడు వారాల తర్వాత ఆమెకు ప్రమోషన్ రాలేదని తెలిసింది. మీటింగులో ఎవరో నా వాక్యాన్నే చదివి, "సపోర్ట్‌కి బాగుంటుంది, లీడ్ చేయడానికి ఇంకా టైముంది" అన్నారట. ఆమె నాతో గొడవేమీ పడలేదు. కాఫీ మెషీన్ దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఒక్క మాట అడిగింది.

"వెనక నిలబడటం నాకిష్టమని మీకు నేనెప్పుడు చెప్పానండీ?"

చెప్పలేదు. ఆ మాట నాకు చెప్పింది వేరే ఆవిడ. అదీ నెట్‌ఫ్లిక్స్‌లో.

'ది ఓన్లీ గర్ల్ ఇన్ ది ఆర్కెస్ట్రా' అని 35 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటుంది. 2025లో దానికి ఆస్కార్ వచ్చింది. ఓరిన్ ఓబ్రయన్ అనే డబుల్ బేస్ కళాకారిణి గురించి ఆమె మేనకోడలు మాలీ ఓబ్రయన్ తీసింది. ఓరిన్ 1966లో, లియొనార్డ్ బెర్న్‌స్టైన్ హయాంలో, న్యూయార్క్ ఫిల్హార్మనిక్‌లో చేరింది. అప్పటికి ఆ ఆర్కెస్ట్రాలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే. అప్పటి పత్రికలు ఆమె వాయించే తీరు కంటే ఆమె రూపం గురించే ఎక్కువ రాశాయి. 55 ఏళ్ళు వాయించి 2021లో రిటైరయింది. సినిమాలో మేనకోడలు మేనత్తని కథానాయికని చేద్దామని చూస్తుంటుంది, మేనత్తేమో ఒప్పుకోదు. నా గురించి సినిమా ఏమిటి, నాలో ఏముంది అన్నట్టే ఉంటుంది చివరిదాకా. సంతోషంగా బతకడానికి తన దగ్గరొక సూత్రం ఉందంటుంది: రెండో స్థానంలో ఉండటానికి నొచ్చుకోకపోవడం.

ఇది అమాయకంగా అన్న మాట కాదు. ఆవిడ తండ్రి జార్జ్ ఓబ్రయన్, ముర్నావ్ తీసిన 'సన్‌రైజ్' (1927) హీరో. తల్లి మార్గరీట్ చర్చిల్, 'ది బిగ్ ట్రైల్' (1930)లో జాన్ వేన్ పక్కన నటించింది. పేరు ఇంట్లోకి రావడం, వచ్చినదారినే వెళ్ళిపోవడం చిన్నప్పుడే చూసిన మనిషి. చూసి, తెలిసి, ఈ వాయిద్యం దగ్గర ఆగింది. సినిమా అయ్యాక నేను చాలాసేపు కదల్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో తిన్న ఇడ్లీకి కూడా ప్రేక్షకులు కావాలనుకునే కాలంలో ఇలాంటి మనిషి ఒకరున్నారు కదా అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత అప్రైజల్ ఫారం తెరిచాను. మిగతాది మీకు తెలుసు.

డబుల్ బేస్ చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా. మనిషిని మించిన ఎత్తున్న వయొలిన్ లాంటిది. పక్కన నిలబడో, ఎత్తు స్టూలు మీద కూర్చునో, దాన్ని కావలించుకున్నట్టు పట్టుకుని వాయిస్తారు. మామూలుగా నాలుగు లావుపాటి తీగలు. అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. మన ఫోన్ స్పీకర్‌కి అంత కింది ధ్వనిని పుట్టించే శక్తి లేదు. అయినా ఫోన్‌లో పాట వింటుంటే బేస్ వినపడుతున్నట్టే ఉంటుంది. ఆ స్వరంతోపాటు పైన పుట్టే హార్మోనిక్స్ చెవికి చేరితే చాలు, అడుగునుండాల్సిన స్వరాన్ని మెదడు తనే పూరించేసుకుంటుందట. అంటే సగం సమయం మనం వింటున్నది డబుల్ బేస్‌ని కాదు, అది ఉండి ఉండాలన్న మన నమ్మకాన్ని.

పాత తెలుగు సినిమా పాటల్లో కూడా ఇది ఉంది. పల్లవి కింద మెత్తగా అడుగులేసినట్టు డుమ్, డుమ్ అని నడిచే శబ్దం. తర్వాత్తర్వాత దాని చోటు ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌కి, ఆపైన కీబోర్డుకి పోయింది. కచేరీల్లో తంబూరా మనిషి కూర్చునే చోట ఇప్పుడు చాలాసార్లు చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళు మాయమైతే సభలో పెద్దగా కదలికేమీ ఉండదు.

మన భాష కూడా ఈ విషయంలో కాస్త క్రూరమైనదే. వంత పాడటం అంటే మనకి తిట్టు. పెద్దాయన ఏమంటే దానికి తలూపేవాణ్ణి అలా అంటాం. కానీ బుర్రకథ ఒక్కసారి కుదురుగా చూడండి. మధ్యలో తంబూరా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. కథ ఆపి ప్రశ్న వేసేదీ, వెటకారం చేసేదీ, పల్నాటి కథ మధ్యలో బియ్యం ధర సంగతి తెచ్చేదీ వంతలే. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పినప్పుడు ఆ కథల్లో రాజకీయం నడిచిన దారుల్లో ఈ వంతల మాటలు ఒకటి. షేక్ నాజర్ పేరు ఇవాళ్టికీ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆయన పక్కన డక్కీ వాయించినవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి? చేసిన పని అది, దానికి భాషలో మిగిలిన అర్థం ఇది.

డబుల్ బేస్ చరిత్రలో మిగిలిన పేర్లు చూసినా ఇదే తమాషా. దొమెనికో ద్రాగొనెత్తి (1763–1846) వెనిస్ నుంచి లండన్ వెళ్ళి, చెలో కోసం రాసిన సొనాటాను డబుల్ బేస్ మీద వాయించి బీతోవెన్‌ని ఆశ్చర్యపరిచినవాడు. బొత్తెసీని డబుల్ బేస్ పాగనీనీ అనిపించుకున్నాడు, 1871లో కైరోలో వెర్దీ 'ఐదా' మొదటి ప్రదర్శన నడిపించిందీ అతనే. కుసెవిట్‌స్కీ రష్యాలో డబుల్ బేస్‌తో మొదలుపెట్టి, 1924 నుంచి పాతికేళ్ళు బాస్టన్ సింఫనీకి కండక్టర్‌గా ఉన్నాడు. వీళ్ళంతా గొప్పవాళ్ళే. కానీ పేరు ఎందుకు మిగిలింది? ముందుకొచ్చి నిలబడ్డారు కాబట్టి. ఒకరు సోలో వాయించారు, ఇద్దరు కర్ర పట్టుకున్నారు. వెనక వరసలోనే ఉండి, ఆ వరసలో చేయాల్సిన పని జీవితాంతం బాగా చేసినవాళ్ళ పేర్లు వెతకాలంటే ఆర్కెస్ట్రాల పాత జీతాల పుస్తకాలు తిరగెయ్యాలి.

ఆ వరసలోకి వెళ్ళడమన్నా తేలికా? పెద్ద ఆర్కెస్ట్రాలో డబుల్ బేస్‌లు ఎనిమిది దాకా ఉంటాయి. ఒకరు 55 ఏళ్ళు కూర్చుంటే ఆ కుర్చీ 55 ఏళ్ళు ఖాళీ కాదు. ఖాళీ అయిన రోజున దేశం నలుమూలల నుంచి జనం ఈ భారీ వాయిద్యాలు మోసుకుంటూ వస్తారు. విమానంలో తేవాలంటే బీరువా అంత గట్టి పెట్టె కావాలి, అది ఎక్కించుకుంటారో లేదో అన్న బెంగ వేరే. ఆడిషన్‌లో ఏం వాయించాలో దాదాపు అందరికీ ముందే తెలుసు: బీతోవెన్ అయిదో సింఫనీలో పరుగెత్తే భాగం, తొమ్మిదో సింఫనీలో మాటలు లేకుండా మాట్లాడే భాగం, స్ట్రౌస్ 'ఐన్ హెల్డెన్‌లేబెన్'లోంచి కొన్ని వరసలు. కచేరీలో ఎనిమిదిమంది కలిసి వాయించే ఆ భాగాలను ఇక్కడ ఒక్కరే, ఖాళీ హాల్లో, అయిదారుగురు పరీక్షకుల ముందు వాయించాలి. ఇకపై విడిగా వినపడకుండా ఉండటానికి అర్హత ఉందని ఒక్కసారి అతి విడిగా వినిపించి రుజువు చేసుకోవాలన్నమాట. మా ఆఫీసు అప్రైజల్స్‌లో కూడా ఇలాంటి వింతే ఉంటుంది: నిశ్శబ్దంగా పనిచేసేవాళ్ళు ఆ సంగతిని అయిదు పాయింట్లలో గట్టిగా చెప్పుకోవాలి.

ఓరిన్ ఓబ్రయన్ సంతోషం వెనక ఇంకొకటుంది. డాక్యుమెంటరీ చూస్తున్నప్పుడు అది నాకు తట్టలేదు. న్యూయార్క్ ఫిల్హార్మనిక్ 1964లోనే తన సంగీతకారులకు ఏడాదిలో 52 వారాలూ జీతమిచ్చే ఒప్పందానికి వచ్చింది. అంతకుముందు ఇలాంటి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్ళు కూడా సీజన్ అయిపోతే వేరే పని వెతుక్కోవాల్సిందే. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో యూనియన్ ఒప్పందం ప్రకారం వరసలో వాయించేవాళ్ళకి కనీస జీతం ఒక్కటే, ముందు కూర్చున్న వయొలిన్ అయినా వెనక నిలబడిన డబుల్ బేస్ అయినా. వరస నాయకులకి ఎక్కువుంటుంది, అది వేరే సంగతి. అంటే ఆవిడ నిలబడింది వేదిక మీద వెనక వరసలో. జీతాల పట్టీలో కాదు. ఈ రెండు వరసలూ ఒకటే అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. మా ఆఫీసులో వెనక నిలబడితే అన్ని పట్టీల్లోనూ వెనకే.

అలాగని జీతం సరిగ్గా ఉంటే చాలనీ కాదు. పాట్రిక్ ౙ్యూస్కిండ్ రాసిన 'డెర్ కొంట్రాబాస్' అనే ఏకపాత్ర నాటకం 1981లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడారు. అందులో డబుల్ బేస్ వాయించేవాడికి ప్రభుత్వ ఉద్యోగం, ఊడగొట్టలేని ఉద్యోగం. మొదట్లో తన వాయిద్యం లేకపోతే ఆర్కెస్ట్రాయే లేదని గొప్పలు పోతాడు. ఒక్కో బీరూ లోపలికి పోతున్నకొద్దీ అసలు సంగతి బయటికొస్తుంది. ఆ వాయిద్యం అంటే అసహ్యం, గదిలో దానికి చోటిచ్చి తను మూలన బతుకుతున్నానన్న కడుపుమంట. ఒక యువ గాయనిని ప్రేమిస్తుంటాడు, ఇలాంటివాడు ఒకడున్నాడని ఆమెకు తెలియను కూడా తెలియదు. ఆ రాత్రి 'రైన్‌గోల్డ్' ప్రదర్శన మొదలయ్యే క్షణంలో ఆమె పేరు పెట్టి హాలంతా వినపడేలా అరుస్తానని ప్రతిజ్ఞ చేసి బయల్దేరతాడు. అరిచాడో లేదో రచయిత చెప్పడు. నాకు నచ్చింది ఆ ఒపేరా ఎంపిక. వాగ్నర్ 'రైన్‌గోల్డ్' మొట్టమొదటి ధ్వని డబుల్ బేస్‌లదే, చీకట్లో సాగే ఒకే ఒక్క కింది స్వరం. అంటే మొత్తం ఒపేరా సాహిత్యంలో ఆ వాయిద్యానికి దక్కిన అరుదైన మొదటి క్షణాన్ని తన చేత్తోనే పాడుచేసుకోవాలనుకుంటున్నాడు. గుర్తింపు ఆకలి అలాంటిది, ముందున్న అన్నం కనపడదు. (హైదరాబాదులో ఎవరైనా దీన్ని తెలుగులో వేస్తే బాగుండు. ఒక నటుడు, ఒక గది, కాసిన్ని సీసాలు చాలు.)

ఇద్దరిదీ ఒకే వాయిద్యం, దాదాపు ఒకే రకం ఉద్యోగం. ఒకరికి స్వర్గం, ఒకరికి నరకం. తేడా ఎక్కడుంది? ఎంచుకున్నారా లేక వచ్చి పడిందా అన్న దగ్గర ఉందని నాకు అనిపిస్తూ వచ్చింది. కానీ బేసిస్టుల జీవితాలు చదువుతూ పోతే ఆ గీత అంత సూటిగా లేదు.

మిల్ట్ హింటన్ (1910–2000) నేర్చుకున్నది వయొలిన్. షికాగోలో మూకీ సినిమా హాళ్ళలో వయొలిన్ వాళ్ళకి పనుండేది. టాకీలొచ్చాయి, ఆ పనులు పోయాయి. వేరే ఆర్కెస్ట్రాలు నల్లవాళ్ళని తీసుకునేవి కావు. బేస్ పట్టుకున్నాడు, దానితోనే డెబ్బై ఏళ్ళు బతికాడు. చార్లెస్ మింగస్ (1922–1979) చిన్నప్పుడు చెలో వాయించేవాడు. నల్ల పిల్లాడికి చెలోతో దారి లేదు, బేస్ నేర్చుకో అన్నారు. చార్లీ హేడెన్ (1937–2014) రేడియోలో ఇంటిల్లిపాదితో కలిసి పాడిన పిల్లాడు. 15 ఏళ్ళప్పుడు పోలియో వచ్చి గొంతు దెబ్బతింది. పాట పోయింది, బేస్ దగ్గరికొచ్చాడు. ముగ్గురిలో ఎవరూ ఓరిన్ లాగా చూసి, తెలిసి ఆగినవాళ్ళు కాదు. ఒక తలుపు మూసుకుంటే ఇటు తిరిగినవాళ్ళు.

తిరిగినవాళ్ళు ఊరుకున్నారా అంటే అదీ లేదు. మింగస్ లిటిల్ రాక్ బడిలోకి నల్ల పిల్లల్ని రానివ్వనన్న గవర్నర్ ఫాబస్ మీద 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' కట్టాడు. 1959లో కొలంబియా కంపెనీ రికార్డులో అది మాటల్లేకుండా వచ్చింది, మరుసటేడు ఇంకో చిన్న కంపెనీ దగ్గర మాటలతో సహా రికార్డు చేశాడు. (చనిపోయాక అతని బూడిదను భార్య స్యూ మన గంగలో కలిపింది.) హేడెన్ 1971లో పోర్చుగల్‌లో వేదిక మీద తన 'సాంగ్ ఫర్ చే'ని మొజాంబిక్, అంగోలాల విమోచన పోరాటాలకు అంకితమిస్తున్నానన్నాడు. ఆ దేశాలు అప్పటికి పోర్చుగల్ వలసలే. మర్నాడు లిస్బన్ విమానాశ్రయంలో రహస్య పోలీసులు పట్టుకుపోయి ప్రశ్నించారు. హింటన్ అరవలేదు, కెమెరా పట్టుకున్నాడు. తోటి సంగీతకారులు రైలు పెట్టెల్లో నిద్రపోవడం, దక్షిణాది స్టేషన్లలో నల్లవాళ్ళకి వేరే ద్వారమని రాసిన బోర్డుల కింద వాళ్ళు నిలబడటం, అన్నీ తీసి ఉంచాడు, వేల కొద్దీ నెగెటివ్‌లు. రాజకీయ వంత గుర్తొస్తుంది నాకు వీళ్ళని తలచుకుంటే. వెనక నిలబడినవాడికి ముందున్నవాళ్ళంతా కనపడతారు కదా.

అయినా వీళ్ళెవరూ నా వాక్యాన్ని పూర్తిగా పడగొట్టలేదు. పడగొట్టింది ఆర్ట్ డేవిస్.

డేవిస్ (1934–2007) జాన్ కోల్ట్రేన్ 'ఓలే' రికార్డులో వాయించిన ఇద్దరు బేసిస్టుల్లో ఒకడు. జాజ్ ఎంత వచ్చో శాస్త్రీయ సంగీతమూ అంత వచ్చు. 1969లో అతనూ, చెలో వాయించే ఎర్ల్ మ్యాడిసన్ అనే మరో నల్ల సంగీతకారుడూ కలిసి న్యూయార్క్ నగర మానవ హక్కుల కమిషన్ ముందు ఫిర్యాదు వేశారు, ఫిల్హార్మనిక్ రంగు చూసి ఉద్యోగాలిస్తోందని. అవును, అదే ఫిల్హార్మనిక్. ఓరిన్ చేరి మూడేళ్ళయింది. అప్పటికి ఆ ఆర్కెస్ట్రా మొత్తంలో నల్ల సభ్యుడు ఒకే ఒక్కడు, వయొలిన్ వాయించే శాన్‌ఫర్డ్ అలెన్. మమ్మల్ని చూడకుండా, తెర వెనక నుంచి విని తేల్చండి అన్నది డేవిస్ వాళ్ళ వాదన. 1970లో కమిషన్ తీర్పు రెండు ముక్కలుగా వచ్చింది. అవసరానికి పిలిచే తాత్కాలిక వాద్యకారుల విషయంలో ఆర్కెస్ట్రా వివక్ష చూపింది, శాశ్వత ఉద్యోగాల విషయంలో ఈ ఇద్దరి ఫిర్యాదు మాత్రం నిలవదు అని. ఆ తర్వాత డేవిస్‌కి పిలుపులు తగ్గిపోయాయి. మళ్ళీ చదువు మొదలుపెట్టి, 1980ల మొదట్లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ తీసుకుని, వైద్యమూ బేసూ రెండూ చేసుకుంటూ బతికాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా ఆర్కెస్ట్రాల ఆడిషన్లలో తెర మామూలయింది, కనీసం మొదటి రౌండ్లలో.

ఈ మనిషి దేని కోసం కొట్లాడాడో చూడండి. సోలో కోసం కాదు, పోస్టరు మీద పేరు కోసం కాదు. వెనక వరసలో, ఎనిమిదిమందిలో ఒకడిగా, విడిగా వినపడకుండా నిలబడే హక్కు కోసం. నేను ఎవరో తెలియకుండా వినండి అని అడిగినవాడిని పేరు కోసం పాకులాడేవాడని ఎలా అంటాం? గొడవ చేసే రకం అని మాత్రం అన్నారు, అంటారు. అతని కథ చదివాక ఓరిన్ వినయం నాకు తక్కువగా ఏమీ కనపడలేదు, ఆవిడ ఎవరి చోటూ లాక్కోలేదు. మగవాళ్ళ గుంపులోకి ఆవిడా ఒంటరిగానే నడిచింది. కానీ ఆ సూత్రం చెప్పాలంటే ముందు లోపల ఉండాలి అని అర్థమయింది. రెండో స్థానానికి నొచ్చుకోకపోవడం అనేది ఏదో ఒక స్థానం ఉన్నవాళ్ళ తత్త్వం. బయట ఉన్నవాడికి ఆ తత్త్వం చెబితే అది ఉపదేశం కాదు, తలుపు గడియ.

ఇంకో మనిషి గురించి చెప్పకపోతే నేను నాకు అనుకూలమైనవే ఏరుకున్నట్టవుతుంది. లూ రీడ్ 'వాక్ ఆన్ ది వైల్డ్ సైడ్' (1972) విని ఉంటారు. పాట మొదలవగానే రెండు సెకన్లలో గుర్తుపట్టేది దాని గొంతుని కాదు, బేస్‌ని, పైకీ కిందికీ ఊయల లాగా జారే ఆ రెండు స్వరాలని. వాయించింది హెర్బీ ఫ్లవర్స్ అనే లండన్ సెషన్ వాద్యకారుడు. ముందు డబుల్ బేస్ మీద వాయించి, దానిమీద మళ్ళీ ఎలక్ట్రిక్ బేస్ వాయించాడు. ఎందుకలా అంటే, రెండు వాయిద్యాలు వాయిస్తే డబ్బులు రెండింతలిస్తారు కాబట్టి అని తనే నవ్వుతూ చెప్పేవాడు. చేతికొచ్చింది 17 పౌండ్లు అంటారు. 1990లో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ఆ బేస్ ముక్కనే తీసుకుని 'కెన్ ఐ కిక్ ఇట్?' చేశారు. ఆ హక్కుల డబ్బు వెళ్ళింది పాట రాసిన లూ రీడ్‌కి. దీని మీద ఫ్లవర్స్ కక్షగా మాట్లాడినట్టు ఎక్కడా కనపడదు. పనికెళ్ళాం, చేశాం, డబ్బు తీసుకుని ఇంటికొచ్చాం, అంతే అన్న ధోరణి. 2024లో చనిపోయేదాకా హాయిగానే ఉన్నట్టుంది.

ఇక్కడే నేను చాలా రోజులు తట్టుకుంటూ ఉన్నాను. బాధపడని మనిషి తరఫున నేనెందుకు బాధపడాలి? కానీ అతను హాయిగా ఉన్నాడా, అతనికి జరిగింది న్యాయమేనా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు అతని దగ్గరుంది, మనం అడగాల్సిన పని కూడా లేదు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది లెక్క రాసేవాళ్ళు. మొదటి జవాబు చూపించి రెండోదాన్ని తప్పించుకోవడం మనకి బాగా అలవాటు. ఇంట్లో అందరూ తిన్నాక తినే అమ్మ గురించి, ఆవిడకి అదే తృప్తి అంటాం. కావచ్చు, నిజంగానే తృప్తి కావచ్చు. ఆ తృప్తి వల్ల వేడి అన్నం ఎవరు తిన్నారన్నది కూడా చూడాలి కదా. నేను రాసిన వాక్యం కూడా అలాంటిదే. ఆమె గుణం గురించి రాశాననుకున్నాను. చదివినవాళ్ళు దాన్ని ధర తగ్గింపుగా చదివారు. వాళ్ళు తప్పుగా చదివారని చాలా రోజులు అనుకున్నాను. లేదు, సరిగ్గానే చదివారు. ఒకరి వినయాన్ని ఇంకొకరు, అందులోనూ ఆ వినయం వల్ల లాభపడేవాళ్ళు మెచ్చుకుంటే దానికి ఆ అర్థమే వస్తుంది. ఆ ఏడాది ఆమె రాత్రుళ్ళు మేలుకుని నిలబెట్టిన సిస్టమ్ గురించి పై వాళ్ళకి స్లైడ్లు చూపించింది నేనే.

అందరినీ ముందుకు తోసెయ్యాలని కూడా నాకు లేదు. మా దగ్గర 'విజిబిలిటీ' అని ఒక మాటుంది, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎనిమిదిమంది బేసిస్టులూ తలా ఒక సోలో అడిగితే బీతోవెన్ ఉండడు. మేలర్ మొదటి సింఫనీలో మూడో భాగం డబుల్ బేస్ సోలోతో మొదలవుతుంది, పిల్లల పాటని విషాదంగా మార్చి పలికిస్తాడు. ఆ కాసేపూ ఆ మనిషి వాయించేది ఎంతో మెత్తగా, దాదాపు సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది. అయిపోగానే మళ్ళీ వరసలో కలిసిపోతాడు. కలిసిపోవడంలో ఒక సుఖం ఉందని ఆ క్షణంలో నమ్ముతాను. ఆ సుఖం వాయించేవాళ్ళు చెప్పాల్సింది, వినేవాళ్ళు వాళ్ళకి అంటగట్టాల్సింది కాదు.

ఈ ఏడాది ఫారాలు మొన్న తెరిచారు. ఆమె గురించి ఈసారి విశేషణాలేవీ పెట్టలేదు. ఏం చేసింది, ఎప్పుడు చేసింది, అది లేకపోతే ఏమయ్యేది, తారీఖులతో సహా తొమ్మిది పాయింట్లు రాశాను. పైకి పంపే ముందు ఆమెకే పంపి, ఇది సరిగ్గా ఉందా చూడండి అన్నాను. సాయంత్రానికి జవాబొచ్చింది. ఎనిమిది పాయింట్లు అలాగే ఉన్నాయి. రెండో చోట మార్కేసి, "ఇది నేనొక్కదాన్నే చేయలేదండీ" అని రాసి, కింద రెండు పేర్లు పెట్టింది. అందులో ఒక పేరు నేను అంతకుముందు వినలేదు.